తెర మీది రూపం నుంచి చేతిలోని నమూనా వరకు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కంప్యూటర్‌లో గీసి త్రీడీ ప్రింటర్‌తో తయారు చేసుకునే త్రిమితీయ ఘన నమూనాల గురించి సందేహాలు పంపమని కోరినప్పుడు, ఎక్కువ ఉత్తరాలు ప్రింటర్ల ధరల గురించే వస్తాయని అనుకున్నాం. వచ్చినవాటిలో చాలా వరకు ప్రింటర్ దాకా వెళ్లకముందే ఎదురైన చిక్కుల గురించి రాసినవి. ఈ పనిలో అసలు కష్టం ఉండేది కూడా అక్కడే కాబట్టి, అలాంటి ప్రశ్నలకే ఈసారి ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం ఒక పంపు కేసింగ్‌ను కంప్యూటర్‌లో గీశాను. తెర మీద ఏ వైపు తిప్పి చూసినా లోపం కనబడడం లేదు. ప్రింట్ చేసే షాపువాళ్లు మాత్రం "ఇది సాలిడ్ కాదు, సర్ఫేస్ మాత్రమే" అని వెనక్కి పంపారు. రెండింటికీ తేడా ఏమిటి? కంటికి కనబడని లోపాన్ని ఎలా పట్టుకోవాలి?
– మెకానికల్ డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జవాబు: షాపువాళ్లు చెప్పింది నిజమే. తెర మీద బొమ్మ చూపించడానికి కంప్యూటర్‌కు వస్తువు పైతొడుగు తెలిస్తే చాలు. ఆ తొడుగు ఒకచోట చిరిగి ఉన్నా, రెండు అంచుల మధ్య వెంట్రుకవాసి సందు మిగిలినా చూపుకు ఆనదు. ప్రింటర్‌కు అది సరిపోదు. నమూనాను అడ్డంగా పలుచని పొరలుగా కోసుకుంటూ పోయి, ప్రతి పొరలోనూ ఎక్కడ పదార్థం వేయాలో, ఎక్కడ వదిలేయాలో అది తేల్చుకోవాలి. కాబట్టి ఏ బిందువును చూపించినా అది వస్తువుకు లోపల ఉందా, బయట ఉందా, సరిగ్గా పైతలం మీద ఉందా అన్న ప్రశ్నకు తడబాటు లేకుండా జవాబు చెప్పగలిగేదే ఘన నమూనా. తొడుగులో ఒక్క చీలిక ఉన్నా ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

1970ల్లో ఈ సమస్యను రెండు బృందాలు రెండు దారుల్లో పరిష్కరించాయి. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ వోల్కర్, అరిస్టైడ్స్ రెక్విచాల బృందం దిమ్మెలు, స్తూపాలు వంటి సరళమైన ఘనాలను ఒకదానికొకటి కలపడం, ఒకదాని నుంచి మరొకటి తీసివేయడం ద్వారా వస్తువును నిర్మించే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఇయాన్ బ్రెయిడ్ వస్తువు సరిహద్దును, అంటే దాని ముఖాలు, అంచులు, మూలలు ఏవి వేటితో కలిసి ఉన్నాయో నమోదు చేసే దారి పట్టారు. మీరు ఈనాడు గీయడానికి వాడే క్యాడ్ సాఫ్ట్‌వేర్ లోపల సాధారణంగా ఉండేది ఈ రెండో పద్ధతే. మొదటిది మీరు నొక్కే "యూనియన్", "సబ్‌ట్రాక్ట్" బటన్ల రూపంలో పైన కనిపిస్తుంది.

సరిహద్దు మూసుకుని ఉందో లేదో చూడడానికి ఒక నియమం ఉంది. ప్రతి అంచునూ సరిగ్గా రెండు ముఖాలే పంచుకోవాలి. ఒకే ముఖం ఉన్న అంచు అంటే అక్కడ చిరుగు ఉన్నట్టే. మూడు, నాలుగు ముఖాలు ఒకే అంచు మీద కలిశాయంటే లోపల ఏదో అడ్డుగోడ మిగిలిపోయి ఉండవచ్చు, లేదా రెండు ఘనాలు ఒక గీత వెంట మాత్రమే తాకి ఉండవచ్చు. ఇక్కడ ఒక చిన్న లెక్క మీకు సరదాగా ఉంటుంది. ప్రింటింగ్ కోసం పంపే ఎస్‌టీఎల్ ఫైలులో వస్తువు పైతలమంతా త్రిభుజాలే. త్రిభుజానికి మూడు అంచులు, ప్రతి అంచుకూ రెండు త్రిభుజాలు కాబట్టి, త్రిభుజాల సంఖ్యకు మూడు రెట్లు అంచుల సంఖ్యకు రెండు రెట్లతో సమానం కావాలి. అంటే త్రిభుజాల మొత్తం సరిసంఖ్యే అయి తీరాలి. మీ ఫైలులో ఆ మొత్తం బేసిసంఖ్య అయితే ఇంకేమీ చూడనక్కర్లేదు, లోపం ఉంది. సరిసంఖ్య వచ్చినంత మాత్రాన లోపం లేదని మాత్రం అనుకోకండి. దీని తర్వాత ఆయిలర్ సూత్రంతో చూడవచ్చు: మూలల సంఖ్యలోంచి అంచుల సంఖ్య తీసివేసి ముఖాల సంఖ్య కలిపితే, రంధ్రం లేని మూసిన వస్తువుకు 2 రావాలి. ఘనానికి 8 మూలలు, 12 అంచులు, 6 ముఖాలు. ఇటు నుంచి అటు దూసుకుపోయే రంధ్రం ఒకటి ఉన్న వస్తువును త్రిభుజాలతో కప్పితే 0 వస్తుంది, ప్రతి అదనపు రంధ్రానికీ మరో 2 తగ్గుతుంది. మీ కేసింగ్‌లో బోల్టు రంధ్రాలతో సహా ఇలాంటి రంధ్రాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు కాబట్టి ఎంత రావాలో ముందే లెక్కకట్టుకోవచ్చు.

ఇంతకంటే తేలికైన పరీక్ష, సాఫ్ట్‌వేర్‌ను బరువు అడగడం. సాంద్రత ఇచ్చి బరువు అడిగినప్పుడు సున్నా చూపించినా, రుణసంఖ్య చూపించినా, చేతి లెక్కకు పొంతన లేని అంకె చూపించినా సరిహద్దు తెరుచుకుని ఉందనో, కొన్ని ముఖాలు లోపలి వైపును బయట అనుకుంటున్నాయనో అర్థం. దిద్దుకోవడం మాత్రం క్యాడ్‌లోనే చేయండి. ముఖాలను కుట్టే ఆదేశం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది, దానికి ఎంత సందు వరకు మూయాలో మీరే చెప్పవచ్చు. ఎస్‌టీఎల్ తీశాక ఒక్క బటన్‌తో మరమ్మతు చేసే సాధనాలు ఉన్నాయి కానీ, అవి చిరుగుకూ రంధ్రానికీ తేడా తెలియక, మీ బోల్టు రంధ్రాన్ని కూడా శ్రద్ధగా మూసేసి "అంతా బాగుంది" అని చెప్పగలవు.

ప్రశ్న: మా విద్యార్థులు పంపిన ఫైలు ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఆవగింజంత కనబడుతోంది. ఫైలు పాడైందా?
– కళాశాల ల్యాబ్ అసిస్టెంట్, హనుమకొండ

జవాబు: పాడు కాలేదు. త్రీడీ సిస్టమ్స్ అనే అమెరికన్ కంపెనీ తన యంత్రాల కోసం 1987లో రూపొందించిన ఎస్‌టీఎల్ ఫైలులో కొలమానం రాసే చోటే లేదు. అందులో ఉండేవి వట్టి అంకెలు. మీటర్లలో గీసినదాన్ని మిల్లీమీటర్లుగా చదివితే వస్తువు 1000 రెట్లు కుదించుకుపోతుంది, అంగుళాల్లో గీసినదైతే 25.4 రెట్లు. ఆవగింజంత అన్నారు కాబట్టి మీది మొదటిదే అయి ఉంటుంది. రెండోది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే చిన్నదిగా వచ్చినా అది నమ్మదగిన పరిమాణంలోనే కనిపించి పని జరిగిపోతుంది. త్రీఎంఎఫ్ రకం ఫైలులో కొలమానం కూడా నమోదవుతుంది, వీలైతే అది వాడండి. ఎస్‌టీఎల్ తప్పనిసరి అయితే ఫైలు పేరులోనే కొలమానం, వస్తువు పొడవు రాయడం అలవాటు చేయించండి.

ప్రశ్న: రోడ్డు ప్రమాదంలో మా అబ్బాయికి కింది దవడ ఎడమ వైపు ముక్కలైంది. వయసు 16. సర్జన్‌గారు సీటీ స్కాన్ నుంచి దవడ నమూనా చేయిస్తే టైటానియం ప్లేటును ముందుగానే వంచి పెట్టుకోవచ్చు అన్నారు. మా దగ్గర స్కాన్ ఫిల్ములు ఉన్నాయి. ఫోన్‌తో ఫోటో తీసి పంపితే చాలునా, మళ్లీ స్కాన్ చేయించాలా? ఆ నమూనాను ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: ముందుగా, ఫిల్ముల ఫోటోలు ఇందుకు పనికిరావు. ఫిల్ము మీద రేడియాలజిస్టు చూడడానికి ఎంపిక చేసిన కొన్ని చిత్రాలే ఉంటాయి, నమూనా తయారీకి మొత్తం శ్రేణి కావాలి. స్కాన్ సెంటరుకు వెళ్లి, స్కాన్ చిత్రాలను భద్రపరిచే డైకామ్ ఫైళ్లను సీడీలోగాని పెన్‌డ్రైవ్‌లోగాని ఇవ్వమని అడగండి. అడిగేటప్పుడు "పలుచని స్లైసులు, ఒక మిల్లీమీటరు లేదా అంతకు తక్కువ" అని స్పష్టంగా చెప్పండి. చాలా చోట్ల రిపోర్టు కోసం 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉన్న స్లైసులనే భద్రపరుస్తారు. వాటితో నమూనా చేస్తే దవడ మెట్లు మెట్లుగా వస్తుంది. ఆ మెట్లను సాఫ్ట్‌వేర్‌తో నున్నగా చేస్తే చూడడానికి బాగుంటుందే తప్ప పోయిన సమాచారం తిరిగి రాదు. స్కాన్ యంత్రంలో మూల దత్తాంశం కొద్ది రోజులు మాత్రమే నిలవ ఉంటుంది, ఆ లోపల అడిగితే పాత స్కాన్ నుంచే పలుచని స్లైసులను మళ్లీ తయారు చేసి ఇవ్వగలరు. అబ్బాయికి మరోసారి ఎక్స్ కిరణాలు తగలనవసరం ఉండదు కాబట్టి ఈ పని రేపటికి వాయిదా వేయకండి. అది దొరకనప్పుడు మళ్లీ స్కాన్ అవసరమా కాదా అన్నది సర్జన్‌గారు నిర్ణయిస్తారు.

ఇక నమ్మకం సంగతి. సీటీ చిత్రం సాధారణంగా 512 గడులు అడ్డం, 512 గడులు నిలువు ఉండే పట్టిక. తలకు సరిపడేలా 250 మిల్లీమీటర్ల వెడల్పు తీసుకున్నారనుకుంటే ఒక్కో గడి సుమారు అర మిల్లీమీటరు. ప్రతి గడికీ ఒక అంకె ఉంటుంది. సీటీ స్కాన్‌ను కనిపెట్టిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతో పిలిచే ఆ కొలతలో నీటికి 0, గాలికి మైనస్ 1000, ఎముక మెత్తని భాగానికి కొన్ని వందలు, గట్టి భాగానికి 1000 దాటి ఉంటుంది. నమూనా చేసే ఇంజనీరు ఒక గీత గీసి, ఆ అంకెకు పైనున్నదంతా ఎముక అని కంప్యూటర్‌కు చెబుతారు. పెద్దవాళ్ల ఎముకకు ఆ గీత తరచుగా 200 పైచిలుకు దగ్గర మొదలవుతుంది. గీతను పైకి జరిపితే ఎముక సన్నబడుతుంది, కిందికి జరిపితే లావెక్కుతుంది, ఇంకా కిందికి పోతే పక్కనున్న కండ కూడా ఎముకలో కలిసిపోతుంది. ఆ తర్వాత ఎముక గడులకూ మిగతా గడులకూ మధ్య త్రిభుజాల పైతలం పరిచే లెక్కను 1987లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన లోరెన్సెన్, క్లైన్ ప్రచురించారు. ఈనాటికీ అనేక సాఫ్ట్‌వేర్లు దానినో, దాని సవరణలనో వాడుతున్నాయి.

అంటే మీ చేతికి వచ్చే దవడ ఒక కొలత మాత్రమే కాదు, ఒక మనిషి తీసుకున్న నిర్ణయం కూడా. ప్రింటర్ పదో వంతు మిల్లీమీటరు పొరలు వేయగలదని చెబుతారు, అది నిజమే. కానీ స్కాన్‌లోనే అర మిల్లీమీటరు గడులు ఉన్నప్పుడు, గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి ఉపరితలం కొంత అటూ ఇటూ జరుగుతున్నప్పుడు, ప్రింటర్ సున్నితత్వాన్ని చూసి మురిసిపోవడంలో అర్థం లేదు. పని సరిగా జరిగితే దవడ వంటి దృఢమైన ఎముకకు మొత్తం తేడా ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది, ప్లేటు వంచుకోవడానికి అది సరిపోతుంది. ఇబ్బంది పలుచని ఎముకతోనే. కంటి గుంట అడుగు భాగం ఒక మిల్లీమీటరు కూడా మందం ఉండదు. గడిలో సగం ఎముక, సగం గాలి పడితే యంత్రం రెండింటి సగటును రాస్తుంది, ఆ సగటు గీత కిందికి పోతుంది, నమూనాలో లేని రంధ్రం పుడుతుంది. పళ్లకు లోహపు ఫిల్లింగులు ఉంటే వాటి చుట్టూ చారలు పడి, పళ్ల ఆకారం చెదిరిపోతుంది. అవసరమైతే పళ్ల భాగాన్ని విడిగా అచ్చు తీసో, నోటి స్కానర్‌తోనో తీసుకుని కలుపుతారు.

ఎడమ వైపు ముక్కలైంది కాబట్టి, కుడి వైపును అద్దంలో ప్రతిబింబంలా తిప్పి ఎడమ వైపు రూపం నిర్మించే అవకాశం ఉంది. ఇది బాగా వాడుకలో ఉన్న పద్ధతే, కాకపోతే మనిషి ముఖం రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండదు కాబట్టి, పళ్లు సరిగ్గా కలుస్తున్నాయా అనేదాన్నే సర్జన్లు ప్రధానంగా చూస్తారు. ముందుగా వంచిన ప్లేటు వల్ల ఆపరేషన్ సమయం తగ్గుతుంది. బల్ల మీద అమర్చి చూస్తూ ప్లేటును పదే పదే అటూ ఇటూ వంచితే లోహం బలహీనపడుతుంది కాబట్టి, ఆ బాధ తప్పడం కూడా చిన్న లాభం కాదు. మీరు చేయవలసిన పని ఒకటే: నమూనా మీద కుడి, ఎడమ గుర్తులు చెక్కి ఉన్నాయో లేదో చూడండి. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి ఫైలు మార్చేటప్పుడు అక్షాల దిశ తారుమారై, కుడి ఎడమలు మారిపోయే అవకాశం ఉంది. ముఖం విషయంలో ఆ పొరపాటు ఒక్క చూపులో తెలియదు. ప్రింట్‌కు వెళ్లే ముందు సరిహద్దు గీతలను అసలు స్కాన్ మీద పెట్టి సర్జన్‌గారికి చూపించి, ఒప్పుకోలు తీసుకునే సంస్థకే పని ఇవ్వండి.

ప్రశ్న: తెనాలిలో ఉన్న మా అమ్మగారి మోకాలి స్కాన్ ఫైళ్లు నాకు పంపారు. నా దగ్గర చిన్న ప్రింటర్ ఉంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎముక నమూనా, దానితోపాటు రంపం ఎక్కడ పెట్టాలో చూపే గైడు చేసి డాక్టరుగారికి ఇవ్వాలని ఉంది. సాధ్యమేనా?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్

జవాబు: ఎముక నమూనా వరకు సాధ్యమే. త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో శ్రద్ధగా చేస్తే మంచి నమూనా వస్తుంది, డాక్టరుగారు దాన్ని చూపి అమ్మగారికి ఆపరేషన్ వివరించవచ్చు. ఇలాంటి నమూనా వల్ల రోగి భయం తగ్గుతుందని చాలామంది వైద్యుల అనుభవం.

రంపం గైడు మాత్రం చేయకండి. అది నమూనా కాదు, శరీరాన్ని తాకే పరికరం. ఇంటి ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. ఆసుపత్రిలో పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్ ఆవిరి 121 నుంచి 134 డిగ్రీల వరకు ఉంటుంది కాబట్టి, శుద్ధి చేయడానికి పెట్టిన గైడు వంకరపోయి బయటికి వస్తుంది. ద్రవ రెజిన్‌తో చేసేవాటిలో సరిగా గట్టిపడని భాగం శరీరానికి హాని చేస్తుంది. గైడు పదార్థం శరీరానికి పడుతుందని, శుద్ధి చేశాక కూడా కొలత మారదని పరీక్షించి చూపవలసిన బాధ్యత తయారీదారుదే, భారతదేశంలో ఇలాంటివి 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. మరో సంగతి. డైకామ్ ఫైలు లోపల చిత్రంతోపాటు రోగి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు కూడా ఉంటాయి. సలహా కోసం ఎవరికైనా ఫైలు పంపేముందు వాటిని తొలగించండి. తల స్కాన్ అయితే పేరు తీసేసినా చాలదు, అదే ఫైలు నుంచి ముఖం చర్మాన్ని కూడా నిర్మించి మనిషిని గుర్తుపట్టవచ్చు.

ప్రశ్న: పాత యంత్రాలకు దొరకని విడిభాగాలు చేసిచ్చే వర్క్‌షాపు మాది. అరిగిన గేరును స్కాన్ చేసి అలాగే ప్రింట్ తీస్తే పనికొస్తుందా? పోత కోసం ఇసుకలో అచ్చు దింపే ప్యాటర్న్‌లు కూడా ఇలా చేసుకోవచ్చునా?
– వర్క్‌షాపు యజమాని, ఆటోనగర్, విజయవాడ

జవాబు: అరిగిన గేరును స్కాన్ చేస్తే అరిగిన గేరే వస్తుంది. స్కానర్ ఇచ్చేది లక్షల త్రిభుజాల మూట. అందులో ఇది రంధ్రం, ఇది కీవే, ఈ రెండు ముఖాలు సమాంతరం కావాలి అన్న సంగతి ఎక్కడా ఉండదు. ఆ సంగతి మీకు తెలుసు, కాబట్టి స్కాన్‌ను అడుగున పరుచుకుని దాని మీద మీరే కొత్తగా గీయాలి. గేరుకైతే స్కాన్ కూడా అక్కర్లేదు, వెర్నియర్ చాలు. పళ్లు లెక్కపెడితే 22 వచ్చాయి, బయటి వ్యాసం 71.4 మిల్లీమీటర్లు ఉందనుకోండి. మామూలు స్పర్ గేరుకు బయటి వ్యాసం అంటే పళ్ల సంఖ్యకు 2 కలిపి, పన్ను పరిమాణాన్ని తెలిపే అంకె అయిన మాడ్యూల్‌తో గుణించినది. 71.4ను 24తో భాగిస్తే 2.975. అలాంటి మాడ్యూల్ ఎవరూ కోయరు, అది 3 మాడ్యూలే. అసలు వ్యాసం 72, మిగతా 0.6 అరుగుదల. స్కాన్‌ను నమ్మి ఉంటే 71.4తోనే కొత్త గేరు చేసేవారు. ఇంగ్లండు, అమెరికా పాత యంత్రాల్లో మాడ్యూల్ బదులు అంగుళాల పద్ధతి ఉంటుంది, లెక్క ఎంతకూ కుదరకపోతే ఆ కోణంలో చూడండి.

వంకర తలాలున్న ఇంపెల్లర్లు, హ్యాండిళ్లు, బాడీ కవర్లు వంటివాటికి స్కాన్ నిజంగా పనికొస్తుంది. మెరిసే లోహం మీద కాంతి చెదురుతుంది కాబట్టి తెల్లని మ్యాట్ స్ప్రే కొట్టి తీయాలి. ప్లాస్టిక్ తీగ కరిగించి పొరలు పేర్చే ప్రింటర్‌లో చేసిన ముక్కకు పొరల మధ్య పట్టు తక్కువ, కర్ర నార వెంట చీలినట్టు పొర వెంట చీలుతుంది. గేరును బల్ల మీద పడుకోబెట్టి ప్రింట్ చేస్తే పన్ను మీద పడే ఒత్తిడి పొరల వెంట సాగుతుంది, నిలబెట్టి చేస్తే కొన్ని పళ్లు పొరల దగ్గరే ఊడిపోతాయి. తేలికపాటి పనికి నైలాన్‌తో చేయండి. మోటారు బలం మోసే గేరుకు ప్రింట్‌ను సరిచూసుకోవడానికి మాత్రమే వాడి, అసలుది ఉక్కుతో కోయించడమే మంచిది.

ప్యాటర్న్‌ల విషయంలో మాత్రం మీలాంటి షాపుకు ఈ పద్ధతి చాలా లాభం అని మా అభిప్రాయం. చెక్క ప్యాటర్న్ చేయగల వడ్రంగులు తగ్గిపోతున్నారు. ఇసుక అచ్చుకు ప్రింట్ చేసిన ప్యాటర్న్ బాగానే పనిచేస్తుంది. చల్లారేటప్పుడు లోహం సంకోచించే లెక్క మీకు తెలిసిందే: పోత ఇనుముకు సుమారు 1 శాతం, అల్యూమినియంకు 1.3 శాతం, ఉక్కుకు 2 శాతం. క్యాడ్‌లో ఇది ఒక్క అంకె మార్చడమే కాబట్టి, ఒకే నమూనా నుంచి మూడు లోహాలకూ ప్యాటర్న్‌లు తీయవచ్చు. అయితే మెషినింగ్‌లో కోసేయడానికి ఉంచే మందం కలిపిన తర్వాతే సంకోచానికి పెంచండి, పోతలో ఆ మందం కూడా సంకోచిస్తుంది. ప్యాటర్న్ ఇసుకలోంచి లేవడానికి పక్క గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఇవ్వడం మరచిపోకండి. పొరల గాట్లు ఇసుకను పట్టుకుంటాయి కాబట్టి పుట్టీ పెట్టి, ఎమెరీ కాగితంతో రుద్ది, రంగు వేయాలి.

ప్రశ్న: త్రీడీ ప్రింటింగ్‌ను అమెరికావారు కనిపెట్టారని ఒకచోట, జపానువారని మరోచోట చదివాను. ఏది నిజం?
– విశ్రాంత ఉపాధ్యాయులు, గుంటూరు

జవాబు: రెండూ నిజమే, మూడో దేశం కూడా ఉంది. నగోయా పురపాలక పారిశ్రామిక పరిశోధన సంస్థలో పనిచేసిన హిదియో కొడామా అతినీలలోహిత కాంతితో గట్టిపడే ద్రవాన్ని పొర పొరగా పేర్చి వస్తువు చేయడం గురించి 1980లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1981లో పత్రం ప్రచురించారు. గడువులోగా తర్వాతి మెట్టు పూర్తి చేయకపోవడంతో పేటెంటు దక్కలేదు. ఫ్రాన్సులో అలాన్ ల మెహోతె, ఒలివియే ద విట్, జాన్‌క్లోద్ ఆండ్రేలు 1984 జూలైలో దరఖాస్తు చేశారు. వారి సంస్థలకు అందులో వ్యాపారం కనబడక దాన్ని వదిలేశాయి. అదే ఏడాది ఆగస్టులో కాలిఫోర్నియాకు చెందిన చక్ హల్ దరఖాస్తు చేశారు. 1983లోనే ఆయన ఒక చిన్న కప్పును ఇలా తయారు చేసి ఉన్నారు. 1986లో పేటెంటు వచ్చింది, ఆ ఏడే త్రీడీ సిస్టమ్స్ కంపెనీ మొదలైంది. 1995లో బ్రిటన్‌లోని ర్యాంక్ బహుమతిని కొడామా, హల్ ఇద్దరికీ ఇచ్చారు. పొరలు పేర్చే ఆలోచన మాత్రం ఇంకా పాతది: ఎత్తుపల్లాల పటాలను మైనపు పలకలను పేర్చి చేసే పద్ధతికి బ్లాంథర్ అనే ఆయన 1892లోనే అమెరికాలో పేటెంటు పొందారు.

ప్రశ్న: రాకెట్ ఇంజినును లోహపు పొడితో ముద్రించారని చదివాను. జీవితమంతా ఉక్కు మధ్య గడిపినవాణ్ణి, పొడితో చేసిన లోహం కొట్టి మలిచిన ఫోర్జింగుకు సాటి వస్తుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. తుంటి కీళ్లు కూడా అలాగే చేస్తారట కదా?
– ఉక్కు కర్మాగార విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీ అనుమానం సగం సరైనది. ఈ పద్ధతిలో పొడిని అతికించరు. వెంట్రుక మందం కంటే పలుచగా పరిచి లేజర్‌తో పూర్తిగా కరిగిస్తారు. అందువల్ల లాగినప్పుడు తట్టుకునే బలం పోత లోహాన్ని మించి, ఫోర్జింగుకు దగ్గరగా ఉంటుంది. తేడా అలసట దగ్గర వస్తుంది. లోపల మిగిలిన సూక్ష్మ రంధ్రాలు, గరుకైన పైతలం పదే పదే పడే భారానికి పగుళ్లకు ఆరంభస్థానాలు అవుతాయి. అందుకే కీలకమైన భాగాలను టైటానియం అయితే సుమారు 900 డిగ్రీల వేడిలో, ఆర్గాన్ వాయువుతో దాదాపు వెయ్యి అట్మాస్ఫియర్ల ఒత్తిడి కింద ఉంచి రంధ్రాలను మూస్తారు, పైతలాన్ని మెషినింగ్‌తో నున్నగా చేస్తారు. పైకి తెరుచుకున్న రంధ్రాన్ని ఆ ఒత్తిడి మూయలేదు.

ఇస్రో 2024 మే 9న పీఎస్‌ఎల్‌వీ నాలుగో అంచెకు చెందిన పీఎస్4 ఇంజినును ఈ పద్ధతిలో చేసి 665 సెకన్లు మండించి చూసింది. 14 భాగాలు ఒకే ముక్క అయ్యాయి, 19 వెల్డింగులు తప్పాయి, 565 కిలోల ఫోర్జింగులూ రేకులూ పట్టే చోట 13.7 కిలోల పొడి సరిపోయింది. వెల్డింగు అతుకులు ఎంత తలనొప్పో మీకు చెప్పనవసరం లేదు. మా దృష్టిలో ఈ ఫలితంలో ప్రింటర్ పాత్ర ఎంతో, ఇంజినును ఒకే ముక్కగా మళ్లీ రూపకల్పన చేసినవారి పాత్ర అంతకంటే ఎక్కువ. పాత 14 భాగాలను విడివిడిగా ముద్రించి ఉంటే ఖర్చు పెరిగేదే. హైదరాబాదులోని స్కైరూట్ సంస్థ కూడా తన ధవన్ క్రయోజెనిక్ ఇంజిన్లను ముద్రణ పద్ధతిలోనే చేస్తోంది.

తుంటి కీలులో విచిత్రం ఏమిటంటే, ఇంజినులో లోపం అయిన గరుకుదనం, రంధ్రాలు ఇక్కడ కోరి పెట్టుకునేవి. టైటానియం మిశ్రమం బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, దాదాపు 110 గిగాపాస్కల్‌లు, గట్టి ఎముకది 20కి లోపు. భారమంతా లోహమే మోస్తే పక్కనున్న ఎముకకు పని లేక క్రమంగా కరిగిపోతుంది. కొన్ని వందల మైక్రాన్ల రంధ్రాలతో జాలీలా ముద్రిస్తే ఆ భాగం బిగువు తగ్గుతుంది, ఎముక ఆ రంధ్రాల్లోకి పెరిగి పట్టుకుంటుంది. ఒరుసుకునే ముఖం మాత్రం అద్దంలా నున్నగా ఉండాల్సిందే.

ప్రశ్న: మా అత్తగారికి కార్నియా (కంటి ముందు భాగంలోని పారదర్శక పొర) మార్పిడి చేయాలన్నారు, వచ్చే నెల తేదీ ఇచ్చారు. హైదరాబాదులో కార్నియాను ప్రింట్ చేశారని విన్నాం. దాని కోసం ఆగమంటారా?
– గృహిణి, కరీంనగర్

జవాబు: ఆగవద్దు. మీరు విన్నది నిజమే. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి, కణాలను తొలగించిన కార్నియా కణజాలం, మానవ నేత్రాల నుంచి తీసిన మూలకణాలతో కార్నియాను ముద్రించి, కుందేలు కంటిలో అమర్చినట్టు 2022 ఆగస్టులో ప్రకటించాయి. కార్నియా సుమారు అర మిల్లీమీటరు మందమే ఉంటుంది, దానిలో రక్తనాళాలు ఉండవు, అందుకే ముద్రణకు వీలైన అవయవాల్లో అది ముందుంది. మూత్రపిండంలాంటి మందమైన అవయవంలో ప్రతి కణానికీ అతి దగ్గరలో రక్తనాళం ఉండాలి, అంత సన్నని నాళాల వలను ముద్రించడం ఇంకా ప్రయోగశాల సమస్యే. కుందేలు నుంచి మనిషి దాకా రావడానికి భద్రతా పరీక్షలు అంచెలంచెలుగా జరగాలి. దాతల కార్నియాతో చేసే మార్పిడి ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న చికిత్స కాబట్టి, డాక్టర్లు ఇచ్చిన తేదీకే ఆపరేషన్ చేయించండి.